ఉమ్మడి గోడ

శ్రీకర్‌కి ఆ ఇల్లు చూపించింది సుబ్బరాజే. తరవాత ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన నోటిని తనే తిట్టుకునేవాడు.

లీసెస్టర్‌లో వుడ్‌బైన్ రోడ్డుకి రెండువైపులా ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. విక్టోరియా రాణి చివరి రోజుల్లో, మేజోళ్ళ ఫ్యాక్టరీల గుమాస్తాల కోసం ఒక్క బిల్డరే ఆ వీధంతా కట్టాడు. రెండేసి ఇళ్ళు జంటలు. ఒక ఇల్లు అద్దంలో చూసుకుంటే ఎలా కనబడుతుందో పక్కిల్లు అలా ఉంటుంది. ఇటువైపు గదికి ఎడమన ఉన్నది అటువైపు గదికి కుడిన ఉంటుంది. ఇద్దరి ఫైర్‌ప్లేస్‌లూ మధ్య గోడకి వీపులు ఆనించుకుని ఉంటాయి. పొగ పోయే ఇటుక దిమ్మలు రెండూ ఆ గోడ పట్టుకునే పైకెక్కి, కప్పు మీద ఒకే చిమ్నీగా కలిసిపోతాయి.

సుబ్బరాజుది భీమవరం. ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. భార్య శివపార్వతి ఆసుపత్రిలో ఫార్మసిస్టు. రెండువేల తొమ్మిదిలో వాళ్ళు ముప్పై ఏడో నంబరు కొన్నారు. అంతకు ముందు అందులో స్టూడెంట్లు అద్దెకుండేవాళ్ళు. అప్పటికే ముందు కిటికీలకి ప్లాస్టిక్ ఫ్రేములు పడ్డాయి, ఇటుకల మీద ఎవరో లేత పసుపు రంగు వేసేశారు. లోపల మాత్రం పాతవన్నీ అలాగే ఉన్నాయి. సుబ్బరాజుకి పాతవంటే గిట్టదు. కొన్న మరుసటి వేసవిలో ముందు గదిలోనూ, పైన పడకగదిలోనూ ఉన్న ఇనప ఫైర్‌ప్లేస్‌లు ఊడబీకించాడు. నడవాలో పరిచిన ఎరుపూ నలుపూ గోధుమరంగు పలకల మీద సిమెంటు పోయించి, పైన చెక్కలాంటి లామినేట్ వేయించాడు. సీలింగు మధ్య సున్నంతో పోతపోసిన ఆకులూ పువ్వులూ దుమ్ము పడుతున్నాయని గీకించేశాడు. రంగుటద్దాల వీధి తలుపు తీసేసి తెల్ల ప్లాస్టిక్ తలుపు పెట్టించాడు. ఇంటి ముందు చెత్త కోసం పెట్టిన స్కిప్, పెద్ద ఇనప తొట్టి, నిండిపోతే రెండోది తెప్పించాడు.

పక్కింటి ముసలావిడ మిసెస్ పికరింగ్ గేటు దగ్గర నిలబడి అంతా చూసింది. "ఇవన్నీ పారేస్తున్నావా, మీ డక్?" అంది. లీసెస్టర్ ముసలివాళ్ళు ఎవరినైనా ఆప్యాయంగా అలాగే పిలుస్తారు.

"అంతా పాత చెత్తండీ," అన్నాడు సుబ్బరాజు నవ్వుతూ.

ఆవిడ తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడేళ్ళకి ఆవిడ వృద్ధుల కేర్‌హోమ్‌కి వెళ్ళింది. ముప్పై తొమ్మిదో నంబరు అమ్మకానికి వచ్చింది. ఆఫీసులో సుబ్బరాజు కింద పనిచేసే శ్రీకర్ ఇల్లు వెతుక్కుంటున్నాడు. కాకినాడ కుర్రాడు, నెమ్మదస్తుడు, సుబ్బరాజుని నోరారా అన్నయ్యా అనేవాడు.

"మా పక్కదే. ముసలావిడ అరవై ఏళ్ళుగా ఒక్క మేకు కూడా మార్చలేదు. అంతా పీకించెయ్యి, మా ఇంట్లా తయారవుతుంది. ఎవరు బాగా చేస్తారో నేను చూపిస్తాను," అన్నాడు సుబ్బరాజు.

శ్రీకర్ కొన్నాడు. ఏమీ పీకించలేదు.

అతని భార్య మనస్విని యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేది. ఆ ఇంటి గురించి చదివి, తోటివాళ్ళని అడిగి, ఏది ఎలా శుభ్రం చెయ్యాలో తెలుసుకుంది. శనాదివారాలు ఇద్దరూ నడవాలో మోకాళ్ళ మీద కూచుని పాత టూత్‌బ్రష్‌లతో పలకలు తోమేవాళ్ళు. తలుపుల మీద నాలుగు పొరల పెయింటు గీకితే లోపల్నించి తేనెరంగు చెక్క బయటపడింది. మొదట్లో సుబ్బరాజు నవ్వుకున్నాడు. "మ్యూజియం పెడతారేమో," అన్నాడు శివపార్వతితో.

గృహప్రవేశం నాడు ఆ నవ్వు పోయింది.

సాయంకాలపు ఎండ వీధి తలుపు రంగుటద్దాల్లోంచి వచ్చి నడవా పలకల మీద పడుతోంది. ముందు గదిలో, వీధివైపు ముందుకు వచ్చిన మూడు పలకల బే కిటికీ కింద, మనస్విని తివాచీ పరిచింది. నల్లగా మెరిసే ఫైర్‌ప్లేస్‌కి రెండువైపులా పసుపు పువ్వుల టైల్స్. వచ్చినవాళ్ళందరూ పైకి చూసి సీలింగు మీది పువ్వుని మెచ్చుకుంటున్నారు. సుబ్బరాజు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఏదీ కొత్తగా అనిపించలేదు. ఆ టైల్స్ తనకి తెలుసు. ఆ పువ్వు తెలుసు. ఆ తలుపు పిడి తన చేత్తో తిప్పిందే. ఇది తన ఇల్లే, కుడి ఎడమైందంతే. వీళ్ళకి ఉన్నదంతా తనకీ ఉండేది. తన చేతులారా రెండు స్కిప్పుల్లో పోశాడు.

తన దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర చూసి ఏడిస్తే కొన్నాళ్ళకి మరుపొస్తుంది. తను పారేసింది పక్కింట్లో రోజూ వెలుగుతుంటే మరుపెక్కడిది? పొద్దున్న ఆఫీసుకి బయల్దేరేటప్పుడు ఆ రంగుల తలుపు, వచ్చేటప్పుడు ఆ ఎర్ర ఇటుకలు. శ్రీకర్ ఇటుకల మధ్య సందులకి సున్నం పూయిస్తుంటే సుబ్బరాజు తన పసుపు గోడ వైపు చూసి, అది జబ్బు మనిషి మొహంలా ఉందనుకున్నాడు. ఆ రంగు వదలగొట్టించబోతే ఇటుక పైచర్మమంతా ఊడిపోతుందని పనివాడు చెప్పాడు.

ప్రతి ఏడూ వినాయక చవితి సుబ్బరాజు ఇంట్లో జరిగేది. ఊళ్ళో తెలిసిన తెలుగువాళ్ళు ముప్పై మంది దాకా వచ్చేవారు. రెండువేల పదిహేనులో శివపార్వతికి ఆ వారం డ్యూటీ సాయంత్రాలు పడింది. "ఈసారికి మా ఇంట్లో చేస్తాం అక్కా," అంది మనస్విని. చేసింది. ఫైర్‌ప్లేస్ ముందు పాలవెల్లి కట్టి, నల్ల ఇనుము మీద పసుపు బొట్లు పెట్టి, దాని గట్టు మీద విగ్రహం కూచోబెట్టింది. పెద్దావిడ కస్తూరి ఆంటీ, నాటింగ్‌హామ్ నుంచి ఏటా వస్తుంది, పళ్ళెం పుచ్చుకుని సుబ్బరాజు పక్కన కూచుంది.

"ఇల్లంటే ఇలా ఉండాలి రాజూ. ఎంత కళగా ఉందో. ఇంక ఏటా ఇక్కడే పెట్టుకుందాం. మీ ఇంట్లో కాస్త ఇరుకు కూడాను," అంది.

రెండిళ్ళూ అంగుళం తేడా లేకుండా ఒకే కొలత. సుబ్బరాజు పులిహోర మింగలేక మంచినీళ్ళు తాగాడు.

ఇరుకు అన్న మాట అతన్ని వదల్లేదు. ఆ చలికాలమంతా టేపు పెట్టి వెనక గది కొలుస్తూ గడిపాడు. ఆ గదిలో, ఉమ్మడి గోడకి ఆనుకుని, ఒకప్పటి ఫైర్‌ప్లేస్ తాలూకు ఇటుక దిమ్మ గదిలోకి అడుగున్నర ముందుకొచ్చి ఉంది. పైన పడకగదిలో దాని మీద ఇంకో దిమ్మ, అటక మీద ఇంకోటి, ఆ పైన కప్పు మీద చిమ్నీ. కింద దిమ్మ తీసేసి, వంటింటి అడ్డుగోడ కూడా తీయిస్తే ముందు నుంచి వెనక దాకా ఒకటే హాలు. యాభై మంది కూచోవచ్చు. ముప్పై తొమ్మిదో నంబరుకి అది ఎన్నటికీ రాదు. వాళ్ళు తమ పాతని ముట్టుకోరు కదా.

మొదట పిలిచిన బిల్డరు దిమ్మ మీద చేత్తో తట్టి చూశాడు. పైనున్న బరువంతా మోయడానికి ఇనప దూలం పడాలన్నాడు. ఇంజనీరు లెక్కగట్టాలి, మునిసిపల్ కౌన్సిల్ వాళ్ళు వచ్చి చూడాలి. "గోడ ఇద్దరిదీ. పక్కింటివాళ్ళకి నోటీసిచ్చి సంతకం తీసుకో," అన్నాడు.

సుబ్బరాజుకి అక్కడే అడ్డం పడింది. ఇంజనీరైతే ఫరవాలేదు, కౌన్సిలైనా ఫరవాలేదు. కానీ శ్రీకర్ గుమ్మంలో నిలబడి, ఆ పలకల మీద చెప్పులు విప్పి, నా ఇల్లు పెద్దది చేసుకుంటాను, ఒప్పుకుంటావా తమ్ముడూ అని కాగితం చాచడం తన వల్ల కాదు. శ్రీకర్ వెంటనే పెట్టేవాడే. ఆ వెంటనే పెట్టడమే భరించలేననుకున్నాడు.

ఏప్రిల్‌లో శ్రీకరూ మనస్వినీ మూడు వారాలు కాకినాడ వెళ్ళారు. మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళాలు శివపార్వతికిచ్చారు. ఆ మూడు వారాల్లోనే, కాగితాలేవీ అడగని పనివాణ్ణి కవెంట్రీ నుంచి పిలిపించి, సుబ్బరాజు ఆ దిమ్మా, అడ్డుగోడా కొట్టించేశాడు. పై దిమ్మ కింద, ఆ మనిషి గోడకి రెండు ఇనప బ్రాకెట్లు బిగించి చాలన్నాడు.

"ఇంజనీరు చూశాడా?" అని శివపార్వతి అడిగింది.

"చూశాళ్లే," అన్నాడు.

తిరిగొచ్చిన శ్రీకర్ స్వీట్లు తెచ్చి కొత్త హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. "భలే వచ్చిందన్నయ్యా. అమ్మో, దిమ్మ మొత్తం తీసేశారే. పైన సపోర్టు పెట్టించారుగా?"

"అన్నీ పక్కాగా చేయించాను. పేపర్లున్నాయి."

"మీరు చేయించారంటే ఇంకేముంది," అన్నాడు శ్రీకర్. ఆ మాటకి సుబ్బరాజు కిటికీ వైపు తిరిగాడు.

జూన్‌లో ముప్పై తొమ్మిదో నంబరు పై అంతస్తు వెనక గదిలో, ఫైర్‌ప్లేస్ పక్కన గోడ మీద వెంట్రుకలాంటి బీట కనబడింది. శ్రీకర్ సుబ్బరాజునే పిలిచి చూపించాడు. ఆ బీట కింద నుంచి పైకి, పూల వాల్‌పేపర్‌ని రెండుగా చీలుస్తూ పోయింది. దాన్ని చూడగానే సుబ్బరాజు కడుపులో ఏదో చల్లగా దిగింది. ఇది భయం కాదని అతనికి తెలుసు. చాలా రోజులుగా దాహంతో ఉన్నవాడికి నీళ్ళు దొరికినట్టుంది. ఆ తర్వాతే, ఆ బీట ఎక్కణ్ణుంచి వచ్చిందో తట్టింది.

"పాత ప్లాస్టరు కదా. హీటింగుకి ఎండి పగులుతుంది. ఫిల్లర్ పెట్టెయ్యి," అన్నాడు.

శ్రీకర్ ఫిల్లర్ పెట్టాడు. జులైలో బీట మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ పెట్టాడు. సుబ్బరాజు తన ఇంట్లో పైగదికి వెళ్ళి మంచం జరిపి చూశాడు. దిమ్మకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు. మంచం మళ్ళీ జరిపేశాడు. ఆ వేసవంతా అతనికి తిండి సయించలేదు, అయినా నోరు పెగల్లేదు. చెబితే బీట సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోలేడు. కాకినాడ ప్రయాణం, లేని పేపర్లు, అన్నీ చెప్పాలి.

ఆగస్టులో మనస్వినికి అయిదో నెల అని శివపార్వతి చెప్పింది.

సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం శ్రీకర్ పిలిచాడు. పాప మంచం పెట్టె వచ్చిందట, బిగించడానికి ఇంకో చెయ్యి కావాలి. సుబ్బరాజు స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళాడు. వెనక గదికి లేత ఆకుపచ్చ రంగు వేశారు. బీటని కూడా రంగుతో కప్పేశారు, కానీ అది మళ్ళీ రంగుని చీల్చుకుని బయటికొచ్చింది. ఇప్పుడు పెన్సిలు దూరుతుంది. ఫైర్‌ప్లేస్ గట్టు గోడని వదిలి కాస్త ముందుకు ఒరిగి ఉంది.

ఇద్దరూ నేల మీద కూచుని పలకలకి మరలు బిగించారు. మనస్విని నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చి చూసింది. "ఫైర్‌ప్లేస్ పక్కన ఆ మూల పెట్టండి. గాలి తగలదు, వెచ్చగా ఉంటుంది," అంది.

శ్రీకర్ మంచం ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస సుబ్బరాజు చేతుల్లో ఉంది. అప్పుడే చిమ్నీ లోపల ఏదో రాలింది. ఇటుక ముక్క ఒకటి, దాని వెంట గుప్పెడు మసి, ఫైర్‌ప్లేస్‌లోకి జారిపడ్డాయి.

"పాత ఇల్లు కదా, రోజూ ఏదో ఒకటి," అన్నాడు శ్రీకర్. "లేపండన్నయ్యా."

సుబ్బరాజు లేపలేదు. "ఇక్కడ వద్దు," అన్నాడు.

"ఎందుకు?"

"ఈ గదిలోనే వద్దు. మీరు ఈ గదిలోకి రాకండి. ఇవాళ్టి నుంచి పడుకోవడం కూడా ముందు గదిలోనే."

శ్రీకర్ మంచం కొస కింద పెట్టాడు. సుబ్బరాజు నేల వైపు చూస్తూ చెప్పాడు. ఇంజనీరు రాలేదని, కౌన్సిల్‌కి చెప్పలేదని, పైన ఉన్న బరువుకి కింద రెండు బ్రాకెట్లే ఉన్నాయని, తన ఇంట్లో దిమ్మ దిగుతోందని, అది దిగుతూ ఈ గోడని లాగుతోందని.

"పేపర్లున్నాయన్నారు కదా?"

"లేవు."

శ్రీకర్ బీట మీద చెయ్యి పెట్టాడు. "మేం ఊళ్ళో లేనప్పుడు చేయించారు. కావాలనే కదా?"

"అవును."

"నన్నడిగితే సంతకం పెట్టనా అన్నయ్యా?"

"పెడతావని తెలిసే అడగలేదు. నీ దగ్గరికి వచ్చి అడగలేకపోయాను. ఈ ఇల్లు చూసి ఓర్చుకోలేకపోయాను శ్రీకర్. మొదట్నుంచీ. ఆ బీట చూసినప్పుడు కూడా, ఒక్క క్షణం, బాగా అయింది అనుకున్నాను."

గుమ్మంలో ఉన్న మనస్విని పొట్ట మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగి, మెట్ల రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా కిందికి వెళ్ళిపోయింది.

ఆ సోమవారమే సుబ్బరాజు తనే కౌన్సిల్‌కి ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి, తన కొత్త హాలంతా ఇనప గుంజలు నిలబెట్టించి వెళ్ళాడు. ఇంజనీరు వచ్చాడు. దిమ్మ కింద ఇనప దూలం వెయ్యాలి, బీటకి అడ్డంగా చువ్వలు వేసి గోడ కుట్టాలి, అవతలి గదిలో ఫైర్‌ప్లేస్ విప్పి మళ్ళీ కట్టాలి. ఖర్చంతా తనదేనని సుబ్బరాజు కాగితం మీద రాసిచ్చాడు. శ్రీకర్ మనస్వినిని తీసుకుని స్టేషన్ దగ్గర అద్దె ఫ్లాట్‌కి మారాడు. మా ఇంట్లో ఉండండి అని శివపార్వతి అడిగితే, "ఆ ఇంట్లోనా అక్కా?" అంది మనస్విని. శివపార్వతి ఇంకోసారి అడగలేదు. డ్యూటీ దిగాక రోజు విడిచి రోజు ఆ ఫ్లాట్‌కి కూరలు పట్టుకెళ్ళేది. ఇంట్లో మొగుడితో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది.

శ్రీకర్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి, డియర్ మిస్టర్ రాజు అని. ఉమ్మడి గోడ పనికి తన అంగీకారం, కింద సంతకం. సుబ్బరాజు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు.

ఫైర్‌ప్లేస్ విప్పడానికి వచ్చిన మేస్త్రీ ముసలాయన. టైల్స్ ఒక్కొక్కటే ఊడదీసి వెనక నంబరు వేస్తుంటే సుబ్బరాజు వెళ్ళి అడిగాడు, కడిగిపెడతానని. ఆయన బకెట్టు చూపించాడు. ఆఫీసుకి సెలవు పెట్టి, అవతలివాళ్ళ పెరట్లో స్టూలు వేసుకుని, వందేళ్ళ మసి కడిగాడు. చన్నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోయాయి. మూడు టైల్స్ విరిగాయి. అలాంటివి వెతుక్కుంటూ నాటింగ్‌హామ్‌లో పాత ఇళ్ళ సామాన్లమ్మే యార్డులన్నీ తిరిగాడు. ఒకచోట గోడకి చేరేసిన ఫైర్‌ప్లేసుల మధ్య అచ్చు తను పారేసినలాంటిది కనబడింది. అవే ఆకులు, అదే వంపు. దాని ముందు వంగి చేత్తో తడిమాడు.

"మీ ఇంట్లో చిమ్నీ ఉందా?" అని యార్డు మనిషి అడిగాడు.

"లేదు. దిమ్మ తీయించేశాను."

"అయితే ఇదెక్కడ పెడతావు?"

సుబ్బరాజు లేచి, టైల్స్ గురించి అడిగాడు. అచ్చు అలాంటివి రెండు దొరికాయి. మూడోది పసుపు కాస్త ముదురు. దాన్ని కింద మూలన, కనబడని చోట పెట్టమని మేస్త్రీకి చెప్పాడు.

డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. జనవరికి గోడ గట్టిపడిందని ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. శ్రీకర్ వాళ్ళు తిరిగి వచ్చేశారు. వీధిలో ఎదురైతే శ్రీకర్ నిలబడి పలకరించేవాడు, "రాజు గారూ, బావున్నారా?" అని. అన్నయ్యా అన్న పిలుపు మళ్ళీ రాలేదు.

మార్చిలో బారసాలకి పిలుపు వచ్చింది. సుబ్బరాజు వెళ్ళనన్నాడు. "పిలిచిన తరవాత వెళ్ళకపోతే అది ఇంకో తప్పు," అని శివపార్వతి చీర కట్టుకుంది. వెళ్ళారు. ఇల్లంతా జనం. పాపని పైన వెనక గదిలో ఉయ్యాల్లో వేశారని ఒకరొకరే మెట్లెక్కి చూసొస్తున్నారు. సుబ్బరాజు అందరి వెనకా ఎక్కి గుమ్మం దగ్గరే ఆగాడు. గోడ నున్నగా ఉంది. ఫైర్‌ప్లేస్ దాని స్థానంలో అది కూచుంది.

కస్తూరి ఆంటీ వంగి టైల్స్ చూస్తోంది. "దీన్ని మళ్ళీ కట్టించారటగా శ్రీకర్? ఏమైంది?"

శ్రీకర్ సుబ్బరాజు వైపు చూడలేదు. "గోడ కాస్త కదిలిందాంటీ. పాత ఇల్లు కదా. దొరకని టైల్స్ రాజు గారు నాటింగ్‌హామ్ అంతా తిరిగి తెచ్చారు," అన్నాడు.

"ఎంత శ్రద్ధయ్యా నీకు," అంది ఆవిడ సుబ్బరాజుతో.

ఆ మాట తీసుకోలేక, వద్దనలేక, అతను కిందికి దిగి వచ్చాడు. శ్రీకర్ నలుగురిలో తనని దోషిగా నిలబెట్టి ఉండవచ్చు. నిలబెట్టలేదు. అలా ఊరుకోవడం తనకి చేతకాదు. తనైతే ఆ కథ ఈపాటికి లీసెస్టరంతా చెప్పి ఉండేవాడు. పలకలు, తలుపు, సీలింగు పువ్వు, వీటిమీద పడ్డ కన్ను ఇప్పుడు శ్రీకర్ ఓర్పు మీద పడింది. గుండెల్లో అదే మంట. దాన్ని అతను గుర్తుపట్టాడు.

భోజనాల దగ్గర మనస్విని వడ్డిస్తూ అతని ముందుకొచ్చింది. ఆరు నెలలుగా అతనితో ఒక్క మాట లేదు. గరిటె ఆపి, "పప్పు వేయనా బావగారూ?" అంది, మొహం చూడకుండా.

"కొంచెం అమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక హాల్లో కూచుని శివపార్వతితో చెప్పాడు, శ్రీకర్ ఏమన్నదీ, తనకి ఏమనిపించిందీ. దాచకుండా అంతా చెప్పాడు. ఆవిడ నగలు తీసి డబ్బాలో పెడుతూ విన్నది.

"అతని మంచితనం చూసినా ఏడుపేనా మీకు?" అంది.

"ఏడుపే. ఏం చెయ్యను?"

ఆవిడ డబ్బా మూత వేసింది. "ఈసారి గోడలు కొట్టించకండి," అని, చాలా నెలల తరవాత అతని పక్కన వచ్చి కూచుంది.